మూత తీసిన బకెట్టు

ఎర్రకు కాళ్ళున్నాయి. ఒకటీ రెండూ కాదు, ఒంటికి రెండు పక్కలా అంచు కుట్టినట్టు వందల కొద్దీ ఉన్నాయి. అయినా సరే, సిమెంటు తొట్టి గోడ ఎక్కి, షెడ్డు గొళ్ళెం తీసుకుని, వీధిన పడి వెళ్ళిపోయే జీవి మాత్రం కాదది. ఎర్రలాయన వాదన ఇదీ. దీన్ని ఎవరూ కాదనలేరు. కాబట్టి తొట్లో ఎర్రలు తగ్గిపోతున్నాయంటే వాటిని ఎవరో తీస్తున్నారు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఒకరు ఆయన. ఇంకొకరు ఆయన భార్య, ఆవిడకు ఎర్రను చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. మిగిలిన మనిషి ఎవరో చెప్పడానికి పెద్ద చదువులు చదవనక్కర్లేదు.

ఈ ఎర్రలు పెరట్లో మట్టి తవ్వితే దొరికే వానపాములు కావు. సముద్రపువి. ఆటుకు నీళ్ళు వెనక్కి తగ్గాక బయటపడే బురదలో బొరియలు చేసుకుని ఉంటాయి. జానెడు పొడవు, ఎర్రటి ఒళ్ళు, వెలుతురులో తిప్పితే ముత్యపు చిప్పలా మెరుపు. నోట్లో నల్లటి కోరలు రెండుంటాయి, అజాగ్రత్తగా పట్టుకుంటే వేలు పట్టేస్తాయి. గాలానికి దీన్ని గుచ్చితే అలిగి పడుకున్న చేప కూడా లేచి వస్తుందని చేపలు పట్టేవాళ్ళ నమ్మకం. ఎర్రలాయన ముప్పై ఏళ్ళు నాలుగు పళ్ళ పారతో ఈ బురదే తవ్వాడు. బొరియ నోరు చూసి లోపలున్నది చిటికెన వేలంతదో బొటన వేలంతదో చెప్పేవాడు. తవ్విన గుంట పూడ్చకుండా ఏనాడూ అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి మోకాళ్ళు మొరాయించాయి. బురదలో దిగిన కాలు పైకి రావాలా వద్దా అని ఆలోచించడం మొదలుపెట్టింది.

అప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి నాలుగు సిమెంటు తొట్లు కట్టించాడు. అడుగు ఎత్తున కడిగిన ఇసుక, దాని మీద సముద్రపు నీళ్ళు, నీళ్ళలోకి బుడబుడమని గాలి ఊదే చిన్న మోటారు. వెంట్రుక మందం పిల్ల ఎర్రల్ని బురదలోంచి ఏరుకొచ్చి వాటిలో వదిలాడు. ‘ఎర్రల్ని పెంచుతాడట, రేపు దోమల్ని కూడా పెంచుతాడేమో’ అని వీధంతా నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందన్నట్టు, పద్నాలుగు నెలలకు ఎర్రలు వేలంత లావు తేలాయి. గాలాల షాపు నడిపే ఆవిడ ఒకదాన్ని అరచేతిలో వేసుకుని, "ఇది ఎర్రా, పామా?" అంది. ఆ మాట ఆయన ఇంటికొచ్చి భార్యకు నాలుగుసార్లు చెప్పాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బావమరిది దిగాడు. నలభై దాటినవాడు, పెళ్ళీ పెటాకులూ లేవు. పద్దెనిమిదేళ్ళు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు కాబట్టి అందరూ ‘ఐసు’ అనే పిలుస్తారు. ఆ పని ఎందుకు మానేశాడో వచ్చిన రోజే భోజనాల దగ్గర చెప్పాడు.

"కొత్తగా వచ్చిన గేటు మనిషి నా క్యారేజీ మూత తియ్యమన్నాడక్కా. పద్దెనిమిదేళ్ళుగా నేను ఆ గేటులోంచే వెళ్తున్నాను. తీశాను. చూశాడు. మర్నాటి నుంచి వెళ్ళలేదు."

ఎర్రలాయన పగలబడి నవ్వాడు. "ఇంతోటి దానికేనా? చూపిస్తే అరిగిపోతావట్రా? ఐసు దిమ్మ ఏమైనా దాచావా క్యారేజీలో?"

ఐసు కూడా నవ్వాడు గానీ కంచంలోంచి తల ఎత్తలేదు. తర్వాత వంటింట్లో భార్య గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీ నోటికో దండం. వాడు దెబ్బయినా పడతాడు గానీ మాట పడడు. పుట్టింటివైపు నాకు మిగిలింది వాడొక్కడే. ఈ ఇంట్లో కూడా వాడిచేత మూత తీయించారనుకోండి, వాడు ఇంక నాకు దక్కడు. ముందే చెప్తున్నా."

"నీ తమ్ముడు నాకు మాత్రం పరాయివాడా?" అన్నాడాయన. అప్పటికి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఐసు ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. సముద్రం నుంచి డ్రమ్ముల్లో నీళ్ళు తెచ్చేవాడు, వాటిలో ఉప్పు సరిచూసేవాడు, మేత చల్లేవాడు. ఎర్రలాయన ఎత్తు స్టూలు మీద కూర్చుని పాఠాలు చెప్పేవాడు. "ఎప్పుడైనా నీళ్ళు పాలలా తెల్లబడ్డాయనుకో, తొట్టి కుళ్ళిందన్నమాట. ఆలోచించకు. నీళ్ళన్నీ కాలవలోకి వదిలేసి ఇసుక కడిగెయ్. చచ్చిన ఎర్ర ఒక్కటి చాలు, బతికినవాటిని వందను చంపుతుంది." ఐసు బుద్ధిగా తలూపేవాడు. "నీ బుర్ర కూడా గడ్డకట్టిందేమో అనుకున్నా, పర్లేదు, కరుగుతోంది" అని బావ వేళాకోళం చేస్తే, "నీ నోటి వేడికి కరక్క ఏం చేస్తుంది బావా" అని వాడు తిప్పికొట్టేవాడు. రెండు నెలలు ఇలా సజావుగా గడిచాయి.

ఒకరోజు పొద్దున ఎర్రలాయన మొదటి తొట్లో చెయ్యి పెట్టాడు. ఇసుకలో చెయ్యి పెడితే ఎర్రలు వేళ్ళ సందుల్లోంచి జారిపోవాలి. ఏవీ జారలేదు. మోచేతిదాకా దించి వెతికితే నాలుగైదు తగిలాయి. ఇసుక మీద బొరియ నోళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, తలుపులు బార్లా తీసిపెట్టి అందరూ ఊరెళ్ళిపోయిన ఇళ్ళలా.

బురదలో కూడా ఏడాదిలో ఆ నెల ఎర్ర పలచబడుతుంది. ‘ఎర్ర లోతుకు దిగింది’ అని తవ్వేవాళ్ళంతా పార పక్కనపెట్టి వేరే పని చూసుకుంటారు. ఎర్రలాయన తండ్రి ఆ మాటే అనేవాడు, తాతా అదే అని ఉంటాడు. మరి ఇక్కడ లోతేది? పైన అడుగు ఇసుక, కింద సిమెంటు. సిమెంటులోకి దిగే ఎర్ర ఇంకా పుట్టలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఇంత స్పష్టంగా తేల్చి చెప్పాక ఇక మిగిలింది దొంగతనమే.

అనుమానం పెనుభూతం అంటారు. ఎర్రలాయన ఇంట్లో ఆ భూతం ముందు వరండాలో కాస్త చోటడిగింది, వారం తిరిగేసరికి నడింట్లో మంచం వేసుకుంది. అంతవరకూ కంటికి ఆననివన్నీ ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించసాగాయి. ఐసు తెల్లవారకముందే లేచి ఎక్కడికో వెళ్తున్నాడు. చేతిలో మూత పెట్టిన నీలం బకెట్టు ఉంటోంది. అడిగితే "ఊరికే, సముద్రం దాకా" అంటున్నాడు. సముద్రం చూడ్డానికి బకెట్టెందుకు? గోళ్ళలో నల్లటి మట్టి. షెడ్డులో ఉన్నది తెల్ల ఇసుక. వేళ్ళ మీద ఎర్ర కాట్లు, చిన్న చిన్న జంట చుక్కలు. పట్టడం చేతనైనవాణ్ణి ఎర్ర కరవదు. తొందరలో, చీకట్లో, దొంగచాటుగా దోసిళ్ళతో ఎత్తుకునేవాణ్ణే కరుస్తుంది. మధ్యాహ్నాలు కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. ఎర్రలాయన వాడి ఎదురుగా కూర్చుని ఆ నిద్రను కూడా అనుమానంగానే చూశాడు.

ఇంతలో రెండో తొట్టీ పలచబడింది. దానితోపాటు ఇంకో వింత. చేతికి దొరికిన కొన్నిటి ఒళ్ళు ఎరుపు పోయి పచ్చగా తిరిగింది. బురదలో కూడా ఆ నెలలో అలాంటివి అప్పుడప్పుడు తగిలేవి. ‘కామెర్ల ఎర్ర’ అని, జబ్బుదని పక్కన పారేసేవాళ్ళు. శుభ్రమైన తొట్లోకి జబ్బెలా వచ్చింది? మంచి మేత ఎవరికో అమ్ముకుని ఇక్కడ చెత్త మేత వేస్తున్నాడన్నమాట. ఎర్రలాయన మేత సంచీ వాసన చూశాడు, నాలిక మీద కూడా వేసుకున్నాడు. ఏమీ తేడా తెలియలేదు. తేడా తెలియకుండా కల్తీ చేశాడంటే వాడు ఎంత గట్టివాడో అనుకున్నాడు.

ఆ సాయంత్రం గాలాల షాపుకు వెళ్ళాడు. కౌంటరు మీద గాలాల పొట్లాలు, గోడకు దారపు చుట్టలు, మూలన ఎర్రలకోసం పాత ఫ్రిజ్జు. షాపావిడ గాలాలు సైజులవారీగా ఏరుతోంది.

"మావాడు గానీ ఇటు వస్తున్నాడా?" అన్నాడు, ఏదో గాలికి అడిగినట్టు.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎవరు, ఐసా? వచ్చాడేమో. ఇంతమంది వస్తుంటారు, ఎవరని గుర్తుంటుంది చెప్పండి?" అని ఆ పక్క డబ్బాలోని గాలాల్ని ఈ పక్క డబ్బాలో పోసేసింది. కిందటేడు వానల్లో ఎవరు ఏ గాలంతో ఏ చేప పట్టారో తేదీలతో సహా చెప్పే మనిషావిడ. ఎర్రలాయన ఇంకేమీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఏముంది, మొహమే చెప్తోందిగా!

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకుంటానని ఎర్రలాయన పంతం పట్టాడు. పడుకోబోయే ముందు షెడ్డు గొళ్ళేనికి సన్నటి నల్ల దారం కట్టాడు. తలుపు తీస్తే తెగాలి. మొదటి పొద్దున తెగింది. రెండో పొద్దున చూస్తే దారం ఉంది. హమ్మయ్య అనుకుని వంగి చూశాడు. ముడి తనది కాదు. తనది ఎర్రల సంచి మూతికి వేసే ముడి, రెండు చుట్లు తిప్పి కిందనుంచి లాగేది. ఇది ఎవరో పిల్లవాడి బూటుకు కట్టినట్టుంది. అంటే తెరిచి, లోపలికెళ్ళి, పని చూసుకుని, మళ్ళీ కట్టి మరీ వెళ్తున్నాడు! దొంగతనం ఒక ఎత్తు, ఈ తెలివి ఒక ఎత్తు. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. ముడి విషయంలో మాత్రం దొంగ ఏమీ మెరుగుపడలేదు.

చివరి రుజువు మూడో తొట్లో దొరికింది. ఒక ఎర్రను తీసి వేలితో మెల్లగా నొక్కితే నల్లటి బురద కక్కింది. కడిగిన ఇసుకలో పెరిగిన ఎర్ర కడుపులోకి బురదెలా వస్తుంది? ఇంకొకటి తీశాడు. అదీ అంతే. ఇప్పుడు కథంతా అతుక్కుంది. తాను పద్నాలుగు నెలలు పెంచిన లావుపాటివి తీసి అమ్ముకుంటున్నాడు. తొట్టి మరీ ఖాళీగా కనిపించకుండా బురదలోంచి ఇంత చెత్త తవ్వి తెచ్చి కలుపుతున్నాడు. గోళ్ళలో మట్టి, వేళ్ళకు కాట్లు, మధ్యాహ్నం నిద్ర, షాపావిడ తడబాటు, అన్నీ వచ్చి ఎక్కడివక్కడ కూర్చున్నాయి. తప్పు లెక్క ఇంత చక్కగా కుదరడం ఆయన జీవితంలో అదే మొదటిసారి, కానీ అది తప్పని ఆయనకు అప్పటికి తెలియదు.

కడుపులో దాచుకోలేక భార్యతో అన్నాడు. ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"వాడా? ఫ్యాక్టరీలో నేలమీద పడ్డ ఐసుముక్క కూడా ఇంటికి తేని మనిషి వాడు."

"ఎర్రలకు కామెర్లు రప్పించాడు కూడానూ."

"కామెర్లు ఎర్రలకు కాదు, మీ కళ్ళకు" అంది ఆవిడ. "పచ్చగా కనపడుతోందిగా లోకమంతా. వాణ్ణి ఒక్క మాట అనకండి. అడగాలనుకుంటే నెమ్మదిగా కూర్చోబెట్టి అడగండి."

"నేనేమీ అనను. ఊరికే చూస్తుంటానంతే" అని మాటిచ్చాడు.

ఆ మాట మర్నాడు తెల్లవారేదాకా నిలబడింది. వెలుగు రేఖ కనపడగానే ఎర్రలాయన స్టూలు తెచ్చుకుని షెడ్డు ముందు కూర్చున్నాడు. పాలవాడు వచ్చి వెళ్ళాడు. పక్కింటాయన గేటు దగ్గర పళ్ళు తోముకుంటూ నిలబడ్డాడు. సందు మలుపులో ఐసు కనిపించాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఉంది, కాళ్ళకు బురద, చేతిలో మూత పెట్టిన నీలం బకెట్టు. బావను చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచి వచ్చాడు.

"మూత తియ్" అన్నాడు ఎర్రలాయన.

లోపలినుంచి భార్య పరుగున వచ్చింది. "వద్దండీ!"

"తియ్యమంటున్నా."

ఐసు అక్క వైపు చూశాడు. పళ్ళు తోముకుంటున్న పక్కింటాయన వైపు చూశాడు. తర్వాత వంగి, రెండు చేతులతో, చాలా శుభ్రంగా మూత తీసి పక్కన పెట్టాడు. లోపల తడి నాచు, నాచులో ఎర్రలు. సన్నవి, బురద పూసుకున్నవి, ఒకటి రెండు పార తగిలి తెగినవి.

"మంచివి అమ్ముకుని ఈ చెత్త నా తొట్లో కలుపుతున్నావన్నమాట!" ఎర్రలాయన గొంతు వీధి చివరిదాకా వినపడింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడా! మొన్న గేటు మనిషి ఊరికే తియ్యమన్నాడా మూత?"

ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే ఎక్కువైందనిపించింది. కానీ జారిన మాటను ఎవరు పట్టుకోగలరు? ఐసు మొహంలో కోపం లేదు. ఆ మాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసి అలిసిపోయినవాడిలా ఉన్నాడు.

"బురదవే బావా" అన్నాడు. "తెగినవి ఏరెయ్. బాగా కడిగి వదులు, లేకపోతే తొట్టి కుళ్ళుతుంది."

లోపలికెళ్ళి సంచి సర్దుకుని, అక్క ఎంత బతిమాలినా ఆగకుండా వెళ్ళిపోయాడు. బకెట్టు షెడ్డు ముందే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి భార్య ఆయనతో మాట్లాడ్డం మానేసింది. మాట్లాడాల్సి వస్తే గోడతో మాట్లాడేది. ‘అన్నం పెట్టానని చెప్పు’ అని గోడకు చెప్పేది. ఎర్రలాయన కూడా ‘ఆకలి లేదని చెప్పు’ అని గోడకే చెప్పేవాడు. దొంగను పట్టాక రావాల్సిన నిద్ర ఆయనకు రాలేదు. మూడో రోజు ఇంకా మసకచీకటి ఉండగానే లేచి షెడ్డులోకి వెళ్ళాడు. దారం ఆయన కట్టినట్టే ఉంది, ముడి ఆయనదే.

దీపం వేసి నాలుగో తొట్టి వైపు చూసి నిలబడిపోయాడు. నీళ్ళు కదులుతున్నాయి. ఎర్రలు ఇసుక విడిచి పైకొచ్చి ఈదుతున్నాయి. పచ్చటి ఒళ్ళతో, ఒకదాని చుట్టూ ఒకటి మెలికలు తిరుగుతూ, గోడ దగ్గరికి వెళ్ళి మళ్ళీ మధ్యకు వస్తూ. ముప్పై ఏళ్ళలో ఎర్ర ఈదడం ఆయన చూడలేదు. ఆయన చూసినప్పుడల్లా అది పార పళ్ళ మీదో గాలం మీదో ఉండేది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి వాటి ఒళ్ళలోంచి పొగలాగా తెల్లగా ఏదో రావడం మొదలైంది. నీళ్ళు పాలయ్యాయి. తెల్లగా తెల్లవారేసరికి ఎర్రలన్నీ ఖాళీ తొడుగుల్లా మెత్తబడి, ఒక్కొక్కటే ఆగిపోయి, ఇసుక మీద పడ్డాయి. షెడ్డులోకి ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు.

ఎర్రలాయనకు అప్పుడు అర్థమైంది. లోతుకు దిగడం లేదు, పాడూ లేదు. ప్రతి ఏడూ ఆ నెలలో అవి పైకొచ్చి, గుడ్లు వదిలి, చచ్చిపోతున్నాయి. బురదలో అయితే పోటు వచ్చి ఆ కళేబరాల్ని తీసుకుపోతుంది. తవ్వేవాడు వచ్చేసరికి ఖాళీ బొరియలే ఉంటాయి. తండ్రి చెప్పింది తప్పు, తాత చెప్పింది తప్పు, కామెర్లంటూ పారేసినవి గుడ్లతో ఉన్నవి. మరి ఇక్కడ, ఈ షెడ్డులో, పోటు పని ఎవరు చేశారు?

చచ్చిన ఎర్రల్ని ఏరే ఓపిక కూడా లేక అలాగే చొక్కా తగిలించుకుని గాలాల షాపుకు వెళ్ళాడు. షాపావిడ షట్టరు ఎత్తుతోంది. ఆయన మొహం చూసి ఆవిడే మొదలుపెట్టింది.

"చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడండీ. ఇంక నావల్ల కాదు. నెల కిందట వచ్చి, ఎర్రలు ఉన్నట్టుండి చచ్చిపోతే మందేమైనా ఉందా అని అడిగాడు. లేదన్నా. అయితే పార ఒకటి అప్పివ్వమన్నాడు. మా ఆయన వాడిన పాత పార ఇచ్చా. ‘ఉప్పు నేనే చూస్తున్నానండీ, నా చేతుల్లోనే చచ్చాయి, బావ పద్నాలుగు నెలల కష్టం’ అని ఇక్కడే కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. చచ్చినవాటి స్థానంలో తవ్వి తెచ్చి వేస్తున్నాడు. బురద తవ్వడం వాడికేం వచ్చండీ? వేళ్ళన్నీ కొరికించుకున్నాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"మా వెనక గదిలో ఉంటున్నాడు. ఇప్పుడు ఆటు కదా, నాకు అమ్మడానికి బురదలో తవ్వుతుంటాడు."

ఏడాదిన్నర తర్వాత ఎర్రలాయన మళ్ళీ బురదలో కాలు పెట్టాడు. అడుగు తీసి అడుగు వెయ్యడం గగనమైంది. దూరంగా ఐసు వంగి తవ్వుతున్నాడు. వాడు వచ్చిన దారి పొడుగునా గుంటలన్నీ పూడ్చి, పాదంతో నొక్కి ఉన్నాయి. ఎర్రలాయన స్టూలు మీద కూర్చుని ఊసుపోక చెప్పిన పాఠమది.

"ఒరేయ్."

ఐసు తిరిగి చూశాడు. "పోటు తిరుగుతోంది బావా. ఇంత దూరం ఎందుకొచ్చావు, ఆ మోకాళ్ళతో?"

"వాటిని ఎవరూ తియ్యలేదురా. నువ్వూ చంపలేదు. వాటి చావు అవే చచ్చాయి. గుడ్లు పెట్టి చచ్చిపోతాయవి. ఇవాళ కళ్ళారా చూశాను."

ఐసు చేతిలో పార బురదలో దిగిపోయింది. "నిజంగానా? ఉప్పు వల్ల కాదా?"

"కాదు."

"అమ్మయ్య" అన్నాడు ఐసు. వాడి భుజాలు కిందికి దిగాయి. "రోజూ పొద్దున తెల్లబడ్డ నీళ్ళు కాలవలోకి వదిలేసి, చచ్చినవన్నీ ఏరి, నువ్వు లేచేలోపు తీసుకెళ్ళి పాతేసేవాణ్ణి. నువ్వు చూస్తే తట్టుకోలేవని."

"దారం..."

"తెలుసు. మొదటిరోజు చూసుకోక తెంపేశాను. తర్వాత విప్పి మళ్ళీ కట్టేవాణ్ణి. తెగిన దారం చూస్తే నువ్వు పొద్దున్నే బాధపడతావు కదా అని. నీ ముడి మాత్రం నాకు రాలేదు బావా. ఎంత చూసినా రాలేదు."

"నన్ను అడగొచ్చు కదరా, ఎందుకు కట్టావని!"

"నువ్వూ అడగొచ్చుగా బావా."

ఎర్రలాయన జీవితంలో ఎవరితోనూ అనని మాట కష్టంమీద బయటికి తీశాడు. "తప్పయిపోయిందిరా. ఇంటికి రా."

ఐసు గుంట పూడ్చాడు. పాదంతో నొక్కాడు. బావ కాలు బురదలో కూరుకుపోయి ఉంటే, చంకలో చెయ్యివేసి పైకి లాగి, గట్టుదాకా నడిపించుకొచ్చాడు. గట్టెక్కాక చెయ్యి వదిలి, "జాగ్రత్తగా వెళ్ళు" అని షాపు వైపు నడిచాడు.

ఎర్రలాయన నాలుగో తొట్లోంచి చచ్చినవాటిని ఏరాడు గానీ ఆ పాల నీళ్ళను పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. ఎందుకో ఆయనకే తెలియదు. మోటారు తిరుగుతూనే ఉంది. నీళ్ళు వాటంతటవే తేరుకున్నాయి. నెల దాటాక ఒక మధ్యాహ్నం ఇసుక మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న చిల్లులు కనిపించాయి. భూతద్దం తెచ్చి చూశాడు. ఒక్కో చిల్లులో వెంట్రుకంత ఎర్ర. తొట్టి నిండా, లెక్కపెట్టలేనన్ని. సంతోషం పూర్తిగా రాకముందే ఇంకోటి గుర్తొచ్చింది. మొదటి మూడు తొట్ల పాలూ కాలవలోకి పోయాయి. పొయ్యమని పాఠం చెప్పింది తానే.

గ్లాసులో చెంచాడు ఇసుక, కాసిని నీళ్ళు తీసి వంటింట్లోకి వెళ్ళాడు. ఈసారి గోడకు చెప్పలేదు.

"మీ తమ్ముడికి ఇది చూపించు. ఇంకేం చెప్పొద్దు."

ఎర్రను చూస్తే ఒళ్ళు జలదరించే మనిషి, ఆ గ్లాసును కొంగు చాటున పెట్టుకుని షాపుదాకా వెళ్ళింది.

మర్నాడు పొద్దున ఐసు వచ్చాడు. తిన్నగా షెడ్డులోకి పోలేదు, గుమ్మం బయట నిలబడి "బావా" అని పిలిచాడు. ఎర్రలాయన వచ్చి ముందు నడిస్తే వెనక నడిచాడు. ఇద్దరూ నాలుగో తొట్టి మీద వంగి భూతద్దం మార్చుకుంటూ గంటసేపు చూశారు. "ఇదిగో ఇది చూడు, తల బయటపెట్టింది" అని ఒకరు, "ఆ మూలన ఇంకా ఎక్కువున్నాయి" అని ఇంకొకరు. అక్క టీ తెచ్చింది. ఐసు తాగాడు. సాయంత్రం దాకా నీళ్ళు తెచ్చాడు, మేత చల్లాడు, ఉప్పు సరిచూశాడు. అక్క ఇంట్లోనే ఉండమంటే, "గది బాగానే ఉందక్కా, రోజూ వస్తాగా" అన్నాడు.

వెళ్ళేముందు తన నీలం బకెట్టు తీసుకున్నాడు. ఎర్రలాయన మూత వెతికి తెచ్చి ఇవ్వబోయాడు. ఐసు తీసుకోలేదు. బకెట్టును బావ ముందు వంచి, అడుగు కనిపించేలా పట్టుకున్నాడు.

"చూడు బావా."

"ఏమిట్రా ఇది? అక్కర్లేదు. మూత పెట్టుకుని వెళ్ళు."

"పర్లేదు, చూడు." వాడి గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. "తీసుంటేనే నయం. నీకూ హాయి, నాకూ హాయి."

గుమ్మంలో భార్య నిలబడి ఇద్దరినీ చూస్తోంది. బకెట్టు అలాగే వంగి ఉంది. ఎర్రలాయన చేతిలో మూత పట్టుకుని, వంగలేని మోకాళ్ళతో వంగి, ఖాళీ బకెట్టులోకి చూశాడు.

"చూశాను" అన్నాడు.

"రేపొస్తా" అని ఐసు వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చాడు. సాయంత్రం మళ్ళీ చూపించాడు.